మోటారు లేని పంపు

పత్తి విత్తనాల ప్యాకెట్ అర కిలోకు కాస్త తక్కువ తూగుతుంది. అందులో అయిదారు వేల గింజలుంటాయి. నూగు తీసి, మందు పట్టించి, రంగు పూసిన గింజలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏది పురుగును తట్టుకునే బీటీ గింజో, ఏది కాదో కంటికి తెలియదు, చేతికి తెలియదు. తొలకరికి విత్తి, ఎరువేసి, కలుపు తీసి, పూత నిలిచి కాయ దిగాక ఆ కాయలోకి పురుగు దూరితే అప్పుడు తెలుస్తుంది. అప్పటికి పెట్టుబడంతా నల్లరేగడిలో కలిసిపోయి ఉంటుంది. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతు ఏళ్ల తరబడి విత్తనం కొంటున్నది కొట్టువాడి మాట మీద, ప్యాకెట్ మీది బొమ్మ మీద నమ్మకంతోనే.

ఆ గుట్టును పది నిమిషాల్లో విప్పే యంత్రం ఒకటుంది. ఆరు సెంటీమీటర్ల పొడవు, అర సెంటీమీటరు వెడల్పు ఉండే తెల్లటి పట్టీ అది. కదిలే భాగం అందులో ఒక్కటీ లేదు. మోటారు, బ్యాటరీ, మీట, ఏవీ లేవు. గింజను నలిపి ద్రావణంలో కలిపి, పట్టీ కొసను అందులో ముంచితే చాలు. ద్రవం తనంతట తాను పైకి పాకుతుంది. దారిలో ఎండబెట్టి ఉంచిన మందును కరిగించుకుంటుంది, వెతకవలసినదాన్ని వెతుకుతుంది, దొరికితే ఎర్రగీత గీస్తుంది.

కోవిడ్ రోజుల్లో ముక్కులోంచి తీసిన చెమ్మను బొట్లుగా వేసి చూసిన పరీక్ష ఇదే. ఆడవాళ్లు ఇంట్లో చేసుకునే గర్భ పరీక్షా ఇదే. వెంట్రుక కన్నా సన్నని దారుల్లో ద్రవాన్ని నడిపే ఈ పనిముట్టులో పంపు ఎక్కడుందని వెతికితే, దారి గోడల మీద ఉంది. గోడ రసాయన స్వభావమే నీటిని లాగుతుంది, ఆపుతుంది, నీటిలో ఉన్నవాటిలో కొన్నిటిని పట్టుకుని మిగిలినవాటిని పోనిస్తుంది. ఈ యంత్రం పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ వెళితే దారి మళ్లీ పత్తి చేనుకే చేరుతుంది.

చేలో పగిలిన కాయ నుంచి చిటికెడు దూది తీసి చెంబు నీళ్లలో వేస్తే మునగదు, పైనే తేలుతుంది. మందుల షాపులో కొన్న దూదిని వేస్తే క్షణంలో నీరు పీల్చుకుని కిందికి దిగిపోతుంది. రెండూ పత్తే. తేడా అంతా పోగు మీద మొక్క పూసుకున్న మైనంలో ఉంది. బరువులో ఒక శాతం లోపే ఉండే ఆ పలచని పూత నీటిని దగ్గరకు రానివ్వదు. సోడాక్షారంలో ఉడికిస్తే మైనం, దాని వెంట పెక్టిన్ వదిలిపోయి కింద ఉన్న సెల్యులోజ్ బయటపడుతుంది. సెల్యులోజ్ గొలుసు పొడవునా హైడ్రాక్సిల్ సమూహాలుంటాయి, నీటి అణువులు వాటిని హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. ఇలా మైనం తీసిన దూదిని 1880లో బర్మింగ్‌హామ్ శస్త్రవైద్యుడు జోసెఫ్ శాంప్సన్ గామ్జీ గాయాల కట్టులోకి తెచ్చాడు. ఆస్పత్రి దూది చరిత్రలో అదొక ముఖ్యమైన మలుపు.

గోడ నీటిని ఇష్టపడితే సన్నని దారిలో జరిగేది దీపపు కుందిలో వత్తి చేసే పనే. అంచున ఉన్న నీటిని గోడ ముందుకు లాగుతుంది, వెనకున్న నీరు తలతన్యత వల్ల తెగిపోకుండా దాని వెంటే వస్తుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని కేశనాళికీయత అంటాయి. వెడల్పాటి గొట్టంలో ఈ లాగుడు లెక్కలోకి రాదు, ఎందుకంటే నీటి బరువు ఎక్కువ, గోడను తాకే నీరు తక్కువ. గొట్టాన్ని సన్నగా చేసేకొద్దీ ఈ నిష్పత్తి తిరగబడుతుంది. దారి వెడల్పు మైక్రోమీటర్లకు తగ్గేసరికి నీటి మీద పెత్తనం గోడది అవుతుంది.

ఈ పెత్తనానికి 1918లో లూకస్, 1921లో అమెరికా రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ వాష్‌బర్న్ సూత్రం కట్టారు. ద్రవం పోయిన దూరం కాలం వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. మొదటి రెండు సెంటీమీటర్లకు అరనిమిషం పడితే నాలుగు సెంటీమీటర్లు చేరడానికి రెండు నిమిషాలు పడుతుంది. ముందుకు పోయేకొద్దీ వెనకాల లాగవలసిన నీరు పెరుగుతుంది, రాపిడి పెరుగుతుంది, నడక మందగిస్తుంది. పట్టీ తయారుచేసేవాళ్లు గీత ఎక్కడ గీయాలో తేల్చుకునేది ఈ లెక్కతోనే. అడుగుకు దగ్గరగా గీస్తే ద్రవం ఉరుకుతూ దాటిపోతుంది, రసాయనాలు ఒకదాన్నొకటి పట్టుకునే వ్యవధి ఉండదు. మరీ పైన గీస్తే ఫలితం ఆలస్యమవుతుంది. నాలుగు సెంటీమీటర్లు దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుందన్న అంకెను బట్టే ఈ పొరలకు రకాలు ఏర్పడ్డాయి.

ఆ పొర కూడా పత్తి బిడ్డే. జిన్నింగ్ మిల్లులో పొడవాటి పోగు వేరయ్యాక గింజను అంటిపెట్టుకుని పొట్టి నూగు మిగులుతుంది. నూనె మిల్లులో గింజ ఆడే ముందు దాన్ని గీకి తీస్తారు. లింటర్లనే ఆ నూగును శుద్ధి చేస్తే దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజ్ మిగులుతుంది. దానికి నత్రికామ్లం, గంధకామ్లం పట్టిస్తే నైట్రోసెల్యులోజ్ అవుతుంది. 1846లో బాసెల్‌లో క్రిస్టియన్ షోన్‌బైన్ దాన్ని తయారుచేసినప్పుడు లోకం చూసింది దాని పేలుడు గుణాన్నే. తుపాకీ మందుకు బదులుగా పనికొచ్చే పత్తి అని ప్రభుత్వాలు దాని వెంటపడ్డాయి. నైట్రేషన్ కాస్త తగ్గించి ఈథర్, ఆల్కహాల్ మిశ్రమంలో కరిగిస్తే గాయాల మీద పలచని పొరగా ఆరే కొలోడియన్ వచ్చింది, పాతకాలపు ఫొటో పలకలకూ అదే పూత అయింది.

ఇక్కడ ఆగి చెప్పుకోవలసిన మనిషి రిచర్డ్ జిగ్మోండీ. 1865లో వియన్నాలో పుట్టి, జెనాలో గాజు కర్మాగారంలో పనిచేసి, తర్వాత గోటింగెన్‌లో ఆచార్యుడైన ఈయనకు జీవితమంతా రెండు వస్తువుల మీద ప్రీతి. ఒకటి నీటిలో తేలే అతి సూక్ష్మమైన బంగారు రేణువులు. మామూలు సూక్ష్మదర్శినికి అందని ఆ రేణువులను పక్కనుంచి వెలుగు కొట్టి మిణుకులుగా చూసే అల్ట్రామైక్రోస్కోపును హెన్రీ సీడెంటాఫ్‌తో కలిసి తయారుచేశాడు. ఇలాంటి కొల్లాయిడ్ల మీద చేసిన పనికి 1925 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నాడు. రెండోది నైట్రోసెల్యులోజ్ పొర. ద్రావణాన్ని పలచగా పోసి, గాలిలో తేమను అదుపులో ఉంచి మెల్లగా ఆరనిస్తే పొర నిండా సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో విల్‌హెల్మ్ బాక్‌మన్‌తో కలిసి ఇలాంటి పొరలతో వడపోత పరికరాలు చేశాడు. ఎర్రగీతకు రంగిచ్చే బంగారం, ఆ గీతను మోసే పొర, రెండూ ఒకే శాస్త్రవేత్త చేతుల్లో నలిగాయి. ఆయన 1929లో కన్నుమూశాడు. అవి రెండూ ఒకే పట్టీ మీద కలుసుకునేసరికి మరో యాభై ఏళ్లకు పైనే పట్టింది.

బంగారం ఎర్రగా ఉండటమేమిటన్నది సహజమైన ప్రశ్న. 1857లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే దానికి దగ్గరగా వచ్చాడు. బంగారాన్ని నీటిలో అతి చిన్న రేణువులుగా విడగొడితే కెంపు రంగు వస్తుందని చూపాడు. పట్టీల్లో వాడే రేణువు సుమారు 40 నానోమీటర్లు ఉంటుంది. అంత చిన్న రేణువులో ఎలక్ట్రాన్లన్నీ కాంతితో కలిసి ఊగుతాయి, ఆకుపచ్చ కాంతిని మింగేస్తాయి, కంటికి ఎరుపు మిగులుతుంది. ఆ రేణువు చుట్టూ, ఒక్కో పదార్థాన్ని ఎంచి పట్టుకునే యాంటీబాడీలు అంటించవచ్చు. లక్షల రేణువులు ఒకచోట చేరితే, సూక్ష్మదర్శిని అవసరం లేకుండానే గీత కనిపిస్తుంది.

మిగిలిన ముక్కలు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. యాంటీబాడీలను చిన్న లేటెక్స్ పూసలకు పట్టించి పరీక్ష చేయవచ్చని 1956లో ప్లాట్జ్, సింగర్ చూపారు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత పండించే పద్ధతి కనిపెట్టారు. అప్పటిదాకా జంతువు రక్తం నుంచి తీసిన యాంటీబాడీ ప్రతిసారీ కొంచెం మారేది, ఇప్పుడు ఏ రోజు తయారైన పట్టీ అయినా ఒకే మాట చెప్పగలదు. 1988లో బ్రిటన్‌లో క్లియర్‌బ్లూ పేరుతో ఒకే అంచెలో ముగిసే గర్భ పరీక్ష బజారుకు వచ్చింది. అందులో గీతకు రంగిచ్చింది బంగారం కాదు, నీలిరంగు పూసలు. అంతకు కొన్ని దశాబ్దాల ముందు ఇదే సంగతి తెలుసుకోవడానికి మూత్రాన్ని కుందేలుకో కప్పకో సూదితో ఎక్కించి వేచి చూసేవాళ్లు.

పట్టీని విప్పి చూస్తే నాలుగు ముక్కలు ఒకదాని మీదికి ఒకటి కొద్దిగా ఎక్కి ఉంటాయి. అడుగున నమూనా మెత్త, దాని మీద బంగారు యాంటీబాడీలు ఎండబెట్టిన గాజుపీచు మెత్త. ఆ యాంటీబాడీలు ఎండిపోయి పాడవకుండా, తడి తగలగానే చప్పున కరిగేలా పంచదార కలిపి ఎండబెడతారు. మధ్యలో నైట్రోసెల్యులోజ్ పొర. పై కొసన నీరు పీల్చే దళసరి మెత్త, చాలాసార్లు ఇది కూడా పత్తి లింటర్లదే. ద్రవమంతా వచ్చి చేరే చెరువు అదే కాబట్టి అది నిండేదాకా ప్రవాహం ఆగదు.

ఈ మధ్య పొర స్వభావం వింతైనది. నైట్రోసెల్యులోజ్ సహజంగా నీటిని ఇష్టపడదు. సబ్బులాంటి పదార్థాన్ని కొద్దిగా పట్టిస్తే గానీ నీరు అందులో నడవదు. అదే ఉపరితలానికి ప్రోటీన్లంటే విపరీతమైన ఆకర్షణ, ఒకసారి అంటుకున్న ప్రోటీన్‌ను వదలదు. అందుకే యాంటీబాడీలతో గీసిన గీత నీటి ప్రవాహంలో కొట్టుకుపోదు. నీటికి దారివ్వాలి, గీతను కదలనివ్వకూడదు. ఈ రెండు పనుల మధ్య పొత్తు కుదిర్చే పూత పాళ్లే పట్టీ తయారీలో అసలు నైపుణ్యం.

ఇక పత్తి దగ్గరకు. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ముంచెత్తింది. కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు ఎంత కొట్టినా పురుగు లొంగలేదు, అప్పులు పెరిగాయి. 1987–88లో ఆ రెండు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. ఆ గాయం మానకముందే శనగపచ్చ పురుగు విజృంభించింది. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక రైతులు దాని వైపు మొగ్గడం వెనక ఇంత కథ ఉంది. గిరాకీ ఎక్కడుంటే నకిలీ అక్కడికి చేరుతుంది. మామూలు గింజలు కలిపిన ప్యాకెట్లు, అనుమతి లేని రకాలు బజారులోకి వచ్చాయి.

బీటీ గింజలో బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా జన్యువు ఉంటుంది. అది క్రై1ఏసీ అనే ప్రోటీన్‌ను తయారుచేయిస్తుంది. బీటీ వచ్చిన తొలి ఏళ్లలోనే నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థలో కేశవ్ క్రాంతి బృందం ఈ ప్రోటీన్‌ను పట్టే కిట్లు తయారుచేసింది. వాటిలో ఒకటి పొలం గట్టు మీదే వాడదగ్గ పట్టీ. గింజ పొట్టు తీసి నలిపి, చిన్న గొట్టంలో ద్రావణం పోసి, పట్టీ ముంచాలి. క్రై1ఏసీ ఉంటే బంగారు యాంటీబాడీ దాని ఒక పక్కను పట్టుకుంటుంది. ఆ జంట పైకి పాకి గీత దగ్గరకు రాగానే అక్కడి యాంటీబాడీ రెండో పక్కను పట్టుకుంటుంది. రేణువులు అక్కడే ఆగి ఎర్రగీత అవుతాయి. ఇంకాస్త పైన ఉన్న రెండో గీత ద్రవం అక్కడిదాకా నిజంగానే చేరిందని చెప్పే సాక్షి. ఆ గీత పడకపోతే పరీక్షే చెల్లదు.

గుంటూరులో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, జన్యుమార్పిడి పంటల పర్యవేక్షణ ప్రయోగశాల ఉంది. జన్యువును నేరుగా చదివే పీసీఆర్ వంటి యంత్రాలు అలాంటి చోట్లే ఉంటాయి. కొట్టులో అనుమానం రేపేది పట్టీ, తీర్పు రాసేది ప్రయోగశాల. ఈ విభజన ఎంత అవసరమో కలుపుమందును తట్టుకునే అక్రమ పత్తి వచ్చినప్పుడు తెలిసింది. గ్లైఫోసేట్ కొట్టినా చావని ఈ పత్తికి దేశంలో సాగు అనుమతి లేదు. అయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ రాష్ట్రాల్లో పత్తి విస్తీర్ణంలో సుమారు 15 శాతం దాకా పాకిందని 2017లో కేంద్రం వేసిన కమిటీ అంచనా వేసింది. కలుపుమందును తట్టుకునే శక్తినిచ్చే ఈపీఎస్పీఎస్ ప్రోటీన్‌ను ఆ మొక్కలో పట్టే పట్టీ కూడా ఉంది. ఒకే ఆకు ముక్క, ఒకే పది నిమిషాలు.

పట్టీ చెప్పనిదేమిటో కూడా రైతుకు చెప్పాలి. ప్రోటీన్ ఉందని చెబుతుందే గానీ అది పురుగును చంపుతుందని చెప్పదు. క్రాంతి బృందం 2005లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం బీటీ మొక్కలో క్రై1ఏసీ మోతాదు పంట వయసుతో పాటు తగ్గుతూ వస్తుంది. విత్తిన 110 రోజుల తర్వాత శనగపచ్చ పురుగును అదుపు చేయడానికి కావలసిన గ్రాముకు 1.9 మైక్రోగ్రాముల స్థాయి కన్నా కిందికి పడిపోతుంది. పూవు అండాశయంలో, కాయ తొక్కలో అయితే మొదటినుంచీ తక్కువే. పురుగు తినేది ఆ భాగాలనే. గులాబీ రంగు పురుగు మొదట గుజరాత్‌లో, తర్వాత మిగతా రాష్ట్రాల్లో ఈ విషానికి అలవాటు పడిపోయింది. మంచి గీత పడిన గింజ కూడా గుడ్డి కాయ కాయవచ్చు. ఈ సంగతి చెప్పకుండా పట్టీని చేతికివ్వడం రైతుకు అన్యాయం.

ఈ జిల్లాల మరో పంట మిరపకు వస్తే కథ మరింత చిక్కు. సంక్రాంతి దాటాక కోసిన కాయను కల్లంలో పరిచి పది పదిహేను రోజులు ఎండబెడతారు. రాత్రి మంచు, అకాల వాన, కింద నేల తేమ, బస్తాకు తొక్కేటప్పుడు కాయ విరగకుండా చిలకరించే నీళ్లు, వీటిలో ఏది ఎక్కువైనా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజుకు పండగే. ఆ బూజు అఫ్లాటాక్సిన్‌ను విడుదల చేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయి, కారణం బూజు పట్టిన వేరుశనగ చెక్క అని తేలినప్పుడు ఈ విషం లోకానికి తెలిసింది. కాలేయ కేన్సర్‌కు కారకమని తర్వాత రుజువైంది. ఎండబెట్టినా, దంచినా, తాళింపులో వేసినా పూర్తిగా పోదు.

ఐరోపా సంఘం మిరపలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు మించకూడదంటుంది. అంటే టన్ను కాయలో 5 మిల్లీగ్రాములు. మన దేశంలో సుగంధ ద్రవ్యాలకు మొత్తం అఫ్లాటాక్సిన్ పరిమితి కిలోకు 30 మైక్రోగ్రాములు. 2003లో ఫ్రాన్స్‌లో భారత మిరపపొడిలో సూడాన్ రంగు బయటపడ్డాక స్పైసెస్ బోర్డు ఎగుమతి సరుకుకు పరీక్షలు తప్పనిసరి చేసింది. గుంటూరులో బోర్డుకు ప్రయోగశాల ఉంది. అక్కడ ఈ కొలత తీసే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో ద్రవాన్ని సన్నని రేణువులు కూరిన గొట్టంలోకి వంద వాతావరణాలకు మించిన పీడనంతో నెడతారు. దానికి శిక్షణ పొందిన మనిషి కావాలి, శుద్ధమైన ద్రావకాలు కావాలి, నిలకడైన కరెంటు కావాలి. కౌలు రైతు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మార్కెట్ యార్డుకు తోలుకొచ్చిన ఉదయం అవేవీ అతని దగ్గర ఉండవు.

పట్టీ ఇక్కడికి రాగలదా? రాగలదు, కానీ వేరే రూపంలో. అఫ్లాటాక్సిన్ చాలా చిన్న అణువు. క్రై1ఏసీని పట్టుకున్నట్టు రెండు పక్కలా రెండు యాంటీబాడీలు దాన్ని పట్టుకోలేవు. అందుకని గీత మీద అఫ్లాటాక్సిన్‌నే ఒక ప్రోటీన్‌కు కట్టి పూస్తారు. నమూనాలో విషం లేకపోతే బంగారు యాంటీబాడీలు ఖాళీ చేతులతో వచ్చి ఆ గీతకు అంటుకుంటాయి, గీత ఎర్రబడుతుంది. విషం ఉంటే అవి దారిలోనే నిండిపోయి గీతను దాటి వెళ్లిపోతాయి. ఇక్కడ గీత పడితే సరుకు మంచిది, చెరిగితే చెడ్డది. బీటీ పట్టీకి అలవాటు పడ్డ కన్ను దీన్ని తలకిందులుగా చదివే ప్రమాదం ఉంది.

హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో ప్రధాన కేంద్రం ఉన్న ఇక్రిశాట్ వేరుశనగ కోసం ఇలాంటి సాధనాన్ని తయారుచేసింది. అనిత సీత నాయకత్వంలో రూపొందిన ఆ పరీక్ష పావుగంట లోపు ఫలితమిస్తుంది, ఖర్చు 2 డాలర్ల లోపు. వేరుశనగకు కుదిరింది మిరపకు అంత తేలిగ్గా కుదరదు. మిరపను ద్రావకంలో కలిపితే విషంతో పాటు నూనె, ఎర్ర రంగు కూడా దిగుతాయి. నూనె పొర రంధ్రాలను పూడ్చి నడకను మారుస్తుంది. రంగు మరీ ఇబ్బంది, ఎర్రటి ద్రవంలో ఎర్రగీత వెతకాలి. అందుకే మిరపకు నమూనాను బాగా పలచన చేయడమో, ముందు మెత్తలో వడగట్టడమో, బంగారానికి బదులు నీలి పూసలో వెలుగు చిమ్మే రేణువులో వాడటమో చేయాలి. గుంటూరు కాయకు పేరు తెచ్చిన ఆ రంగే పరీక్షకు అడ్డం పడుతోంది.

నీటిని నడిపే ఉపరితలాల విద్య ఇంతలో పట్టీని దాటి ముందుకు పోయింది. 2007లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం కాగితం మీద నీటిని అడ్డుకునే గట్లు వేసి, మధ్యన మిగిలిన చోటును కాలువలుగా మార్చింది. కొద్ది కాలానికే ఆ గట్లను మైనంతో ముద్రించడం మొదలైంది. పచ్చి పత్తిని నీటిపై తేల్చే గుణం ఇక్కడ కాలువ గట్టు పని చేస్తోంది. 2010లో ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయంలో వెయ్ షెన్ బృందం మామూలు పత్తి దారాన్నే కాలువగా వాడింది. దారం మీది మైనాన్ని ప్లాస్మాతో తొలగించగానే ద్రవం పోగుల మధ్య సందుల్లో పరుగెత్తింది. మరుసటి ఏడాది బెంగళూరులో ధనంజయ దెందుకూరి బృందం పట్టు నూలుకు ముందే మందులు పట్టించి, చేమగ్గం మీద నేసి, ఆ గుడ్డ ముక్కలతో పరీక్షలు చేసి చూపింది. నేత ఎలా వేస్తే ద్రవం అలా నడుస్తుంది.

చీరాల మగ్గాలున్న సీమకు ఈ కబురు దగ్గరి చుట్టం. గంజి పెట్టిన నూలుకూ, ఉడికించిన నూలుకూ తేడా వేలితో చెప్పగల నేతగాళ్లు అక్కడున్నారు. పత్తి పండేదీ, నూలు నేసేదీ, మిరప ఎండేదీ ఒకే వంద కిలోమీటర్ల లోపు. పరీక్షా వస్త్రం నేయడానికి ఇంతకన్నా అనువైన చోటు దేశంలో ఎన్నో ఉండవు. అలాంటి ప్రయత్నానికి వ్యవసాయ విశ్వవిద్యాలయమూ, చేనేత సంఘాలూ కలిసి కూర్చోవాలి.

ఇప్పటిదాకా చెప్పుకున్న గోడలు నీటిని లాగుతాయి, పొర తడిసి, పై కొసన ఉన్న మెత్త నిండితే వాటి పని అయిపోతుంది. రసాయన చర్య జరుపుతూ నీటిని నిరంతరం కదిలించే గోడలు మరో రకం. 2004లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆయుష్మాన్ సేన్, థామస్ మలూక్ బృందం సగం బంగారం, సగం ప్లాటినం ఉన్న రెండు మైక్రోమీటర్ల కడ్డీలను హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేసింది. కడ్డీ మీద పెరాక్సైడ్ విడిపోతుంటే అవి వాటంతట అవే ఈదాయి. కదిలేదాన్ని కట్టేస్తే దాని చుట్టూ ఉన్న నీరు కదలాలి. మరుసటి ఏడాది అదే బృందం బంగారు పలక మీద వెండి బిళ్లను అతికించి, చుట్టూ ద్రవం సుడులు తిరగడం చూపింది.

2014లో సేన్ బృందం లోహానికి బదులు ఎంజైములను బిళ్ల మీద పరిచింది. వాటిలో యూరియేజ్ ఒకటి. రైతు చేలో చల్లిన యూరియాను నేలలో అమోనియాగా విరగ్గొట్టేది ఈ ఎంజైమే. బిళ్ల మీద యూరియేజ్ ఉంచి యూరియా ద్రావణం పోస్తే, చర్య జరిగిన చోట ద్రవం సాంద్రత మారి, సెకనుకు కొద్ది మైక్రోమీటర్ల వేగంతో ప్రవాహం మొదలవుతుంది. యూరియా ఉన్నంతసేపూ నడుస్తుంది. ఈ ప్రవాహాల దిశ ఎప్పుడు ఎటు తిరుగుతుందో పిట్స్‌బర్గ్‌లో అన్నా బాలాజ్ బృందం లెక్కకట్టింది.

2016లో ఈ ఎంజైము పంపుకు కొత్త ఉపయోగం దొరికింది. పాదరసం, సయనైడు వంటి విషాలు ఎంజైమును పనిచేయనివ్వవు. నీటిలో అవి ఉంటే పంపు వేగం తగ్గుతుంది. ఎంత తగ్గిందో కొలిస్తే విషం ఎంతుందో తెలుస్తుంది. మిరప, పత్తి చేలలో కొట్టే క్లోరోపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు పురుగును చంపేది కూడా ఇదే దారిలో, నరాల్లోని కోలినెస్టరేజ్ ఎంజైమును కట్టేసి. ఆ ఎంజైమును కాగితం మీద ఉంచి రంగు మారకపోతే మందు అవశేషం ఉన్నట్టు పట్టే కార్డులు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. 2014లో సౌదీ అరేబియా మన పచ్చిమిర్చి దిగుమతిని ఆపింది పురుగుమందుల అవశేషాల వల్లే. రంగుకు బదులు ప్రవాహ వేగాన్ని కొలిచే సాధనం వస్తే మిరప ఎరుపు అడ్డం తొలగుతుందన్న ఆశ ఉంది. అయితే ఎంజైము పంపులు ఇంకా ప్రయోగశాల బల్ల దాటలేదు.

ఖరగ్‌పూర్ ఐఐటీలో సుమన్ చక్రవర్తి బృందం 2019లో ప్రచురించిన పని మరో దారి చూపింది. తడి నూలు గుడ్డలోని సూక్ష్మ మార్గాల్లో ఉప్పునీరు పాకేటప్పుడు సెల్యులోజ్ గోడల మీది విద్యుదావేశం అయాన్లను ఒక పక్కకు నెడుతుంది. పై కొసన ఎండకు నీరు ఆవిరవుతున్నంతసేపూ ఆ ప్రవాహం ఆగదు. చాకిరేవులో ఆరేసిన యాభై బట్టల నుంచి ఒక రోజులో సుమారు 10 వోల్టులు కూడబెట్టి, తెల్లని ఎల్ఈడీని గంటకు పైగా వెలిగించారు. పట్టీ మీది గీతను కన్ను కాకుండా చిన్న సెన్సర్ చదవాలంటే కావలసిన కరెంటు కొద్దిపాటిదే.

గుంటూరు యార్డులో ఇప్పటికీ కొనుగోలుదారు కాయను చెవి దగ్గర ఆడించి గింజ గలగల వింటాడు, గుప్పిట్లో నలిపి తేమ అంచనా వేస్తాడు, తాలు కాయ పాలు చూస్తాడు. బూజు విషం ఆ చేతికి అందదు. అక్కడ పట్టీ నిలబడాలంటే మూడు పనులు జరగాలి. మిరప నూనెను పట్టి ఉంచే మొదటి మెత్త కావాలి. రెంటచింతల ఎండలో 45 డిగ్రీలు దాటే వేడికి యాంటీబాడీ పాడవని పూత కావాలి, ఎందుకంటే ఇప్పటి పట్టీలు చాలావరకు 30 డిగ్రీల లోపు దాచమంటాయి. ఇక మూడోది అన్నిటికన్నా కష్టం. విషం బస్తా అంతటా సమంగా ఉండదు, వెయ్యి కాయల్లో ఒకదాంట్లో దండిగా ఉండి మిగతావన్నీ శుభ్రంగా ఉండవచ్చు. టిక్కీ పైనుంచి గుప్పెడు తీసి పరీక్షిస్తే పట్టీ ఎంత గొప్పదైనా ఫలితం తప్పే. పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి, అంతా కలిపి పొడి కొట్టి, అందులోంచి నమూనా తీసుకోవాలి. ఆ పొడి కొట్టే మర, తూకం, ద్రావకం, పని నేర్చిన మనిషి, వీటన్నిటినీ పాటకు ముందు యార్డు గేటు దగ్గర ఉంచడానికి అయ్యే ఖర్చు రైతు మీద వేయకుండా మార్కెట్ కమిటీ భరించాలి. అమ్మిన ప్రతి క్వింటా మీదా సెస్సు వసూలవుతూనే ఉంది.